ముద్ద ముట్టని బుడ్డోడికి ముప్పతిప్పల చిట్కాలు

గుంటూరు నగరం తాగే నీళ్లలో కొంత సంగం జాగర్లమూడి నుంచే వెళ్తుంది. పక్కనే వడ్లమూడిలో ఉన్న డెయిరీ సంగం పేరుతో పాల ప్యాకెట్లు ఊరూరా పంపుతుంది. ఇంతమంది గొంతు తడిపే చోట, ఎనిమిది నెలల పిల్లాడొకడు నోరు బిగించి కూర్చుంటే ఇంటిల్లిపాదీ చేతులెత్తేయడం పరువు తక్కువ వ్యవహారం. అన్నప్రాశన అయింది, వెండిగిన్నె వచ్చింది, మేనమామ ఎత్తు కుర్చీ కూడా కొనిచ్చాడు. వాడు మాత్రం చెంచా కనిపిస్తే చాలు తల పక్కకు తిప్పేస్తున్నాడు. ఎలాగోలా లోపలికి పంపిన దాన్ని నాలుకతో గెడ్డం మీదికి తోసేస్తున్నాడు.

ఇలాంటి ఇళ్ల కోసం సంగం జాగర్లమూడి నుంచి తెనాలి దాకా, అటు బాపట్ల, రేపల్లె దాకా అరుగుల మీదా, రైలు పెట్టెల్లోనూ, పెళ్లి పందిళ్లలోనూ ఉచితంగా దొరికే సలహాలన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం. తు.చ. తప్పకుండా పాటిస్తే, ఇవాళ తినని పిల్లాడు బళ్లో చేరాక కూడా తినడు. పూచీ మాది.

అన్నిటికంటే ముఖ్యం, తొందరపడటం. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. జెనీవాలో కూర్చున్నవాళ్లకు మన వీధి సంగతేం తెలుసు? పక్కింటి పిల్ల నాలుగో నెలకే ఉగ్గు తింది. మీరూ నాలుగో నెలలోనే మొదలెట్టండి. ఆ వయసు పిల్లల నాలుకకు ఒక గుణం ఉంటుంది. పెదవుల మధ్యకు పాలు తప్ప ఇంకేది వచ్చినా బయటికి నెట్టేస్తుంది. గొంతులో ఏదీ అడ్డుపడకుండా పుట్టుకతో వచ్చిన కాపలా అది. నాలుగో నెల దాటాక మెల్లగా సడలుతూ ఆరో నెలకు దాదాపుగా పోతుంది. కాపలా గట్టిగా ఉన్నప్పుడే చెంచా పెడితే తప్పకుండా ఉమ్మేస్తాడు. అప్పుడు "వీడికి అన్నం సయించదు" అని తీర్పు చెప్పేయొచ్చు. మెడ నిలబడిందా, ఆసరాతో కూర్చుంటున్నాడా, మీ కంచం వైపు చేయి చాస్తున్నాడా అని పిల్లాణ్ని చూసి తేల్చుకోవడం చాదస్తం. పంచాంగం చూస్తే సరిపోతుంది. మగపిల్లాడికి సరి నెల, ఆడపిల్లకు బేసి నెల అన్నారు కాబట్టి పాపకు ఐదో నెలలోనే కానిచ్చేయండి. బేసి లెక్కలో ఏడు కూడా వస్తుందని ఎవరైనా గుర్తుచేస్తే, మన ఇంటావంటా అంత ఆగడం లేదని చెప్పండి.

తొందర గిట్టనివాళ్లకు ఇంకో దారి ఉంది. అసలు మొదలుపెట్టకపోవడం. ఆషాఢమని, మూఢమని, మేనమామకు సెలవు దొరకలేదని తొమ్మిదో నెల దాకా లాక్కెళ్లండి. అమ్మ కడుపులో ఉండగా పిల్లాడు దాచుకున్న ఇనుము ఆరో నెలకు అడుగంటుతుంది, తల్లిపాలలో ఉండే ఇనుము అక్కణ్నుంచి సరిపోదు. అయితే ఏం? ముహూర్తం రోజు బంగారు ఉంగరంతో పరమాన్నం నాకించడం వేరు, ఆరు నెలలు నిండిన మర్నాడు వంటింట్లో మెత్తటి అన్నం రెండు చెంచాలు పెట్టడం వేరు అని, ఒకదాని కోసం ఇంకొకటి ఆగక్కర్లేదని ఎవరూ అనుకోకూడదు.

అన్నప్రాశన ఎలా చేయాలో కూడా చెప్పాలి. తెనాలి వైకుంఠపురంలో చేసినా, ఊళ్లో సంగమేశ్వరుడి గుళ్లో చేసినా, ఇంట్లో షామియానా వేసినా, వంద మందికి తక్కువ కాకుండా పిలవండి. పిల్లాడు రోజూ నిద్రపోయే వేళకే ముహూర్తం పడేలా చూసుకోండి. జరీ పంచె గుచ్చుకోవాలి. ఫోటోలు తీసేవాళ్లు మీదికి వంగి లైట్లు వేయాలి. అప్పుడు మేనమామ, నాయనమ్మ, అమ్మమ్మ, పెదనాన్న, పిన్నత్తగారు వరసగా వచ్చి తలా ఒక వేలు నోట్లో పెట్టాలి. తిండి అంటే ఏమిటో వాడికి తెలిసే మొదటి రోజు ఇదే. అపరిచితులు మీద పడటం, కళ్లలో వెలుగు, నోట్లో వేళ్లు. మర్నాటి నుంచి గిన్నె చూస్తేనే ఏడిస్తే, దిష్టి అనండి.

పరమాన్నంలో తేనె కలిపితే మంచిదంటారు. ఇది మాత్రం నిజంగానే చేయకండి. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా పెట్టకూడదు. దానిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం పుట్టిస్తాయి. కండరాలు వాలిపోయి ఊపిరి దాకా వస్తుంది. అరుదే గానీ ప్రాణాంతకం. కల్తీ లేని తేనె అయినా అంతే.

ముద్ద పెట్టడం అయ్యాక పుస్తకం, కలం, బంగారం, డబ్బు, కత్తి వరసగా పెట్టి వాణ్ని పాకమంటారు కదా. ఆ రోజు మొత్తంలో తనకు కావలసింది తన చేత్తో తీసుకునే స్వేచ్ఛ వాడికి దొరికేది ఆ పళ్లెం ముందే. అందరూ గప్‌చిప్‌గా, ఊపిరి బిగబట్టి, ఎవరూ చేయి పట్టుకోకుండా చూస్తారు. తిండి దగ్గర ఆ పొరపాటు చేయకండి.

చేయి విషయం వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాం. ఎనిమిది తొమ్మిది నెలలకు పిల్లలు బొటనవేలూ చూపుడువేలూ కలిపి మెతుకు ఏరుకోవడం నేర్చుకుంటారు. ఇడ్లీ ముక్క, మెత్తగా ఉడికిన చిలగడదుంప, చక్కెరకేళి పండు ముక్క ముందు పెడితే నలుపుతారు, జుట్టుకు పూసుకుంటారు, కాస్త నోట్లోకి కూడా వెళ్తుంది. ఈ నేల తుడిచేదెవరు? రెండు చేతులూ కండువాలో చుట్టి పట్టుకోండి. తినడం అనేది తనకు జరిగే పనే గానీ తను చేసే పని కాదని వాడికి చిన్నప్పుడే తెలియాలి. ఇంట్లో అందరూ భోంచేసేటప్పుడు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోకండి. పెద్దవాళ్లు నమలడం చూస్తే నేర్చుకునే ప్రమాదం ఉంది. కూరలో ఉప్పూ కారం వేయకముందే వాడి వాటా తీసి పక్కన పెట్టే పని కూడా పెట్టుకోకండి. గుంటూరు జిల్లా వంటింట్లో కారం పడకముందు కూర ఉంటుందని ఎవరు నమ్ముతారు?

ఇక పాలు. ఈ భాగం మన ప్రాంతానికి ప్రత్యేకం. పాడి ఉన్న ఊళ్లో పిల్లాడు అన్నం తినకపోతే ఒక పరిష్కారం ఎప్పుడూ తయారుగా ఉంటుంది. "పోనీలే, పాలు తాగాడు కదా!" అన్నం పెట్టే వేళకు అరగంట ముందు సీసా నిండా గేదెపాలు పట్టండి. చిక్కటి పాలు, మీగడ కట్టే పాలు. తర్వాత గిన్నె తెస్తే వాడు తల తిప్పేస్తాడు. మళ్లీ "అయ్యో, ఏమీ తినలేదు" అని ఇంకో సీసా. పొద్దు గుంకేసరికి నాలుగైదు సీసాలు. మధ్యలో ఏడిస్తే పాలలో ముంచిన బిస్కెట్టు. ఆకలి అనే మాట వాడి దరిదాపులకు రాకుండా చూడటమే ఈ పద్ధతికి ప్రాణం.

దీనికి డాక్టర్లు చెప్పే అభ్యంతరాలు వినండి, విని మర్చిపోండి. గేదెపాలలో, ఆవుపాలలో ఇనుము దాదాపు లేదు. పైగా వేరే తిండిలో ఉన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఏడాది లోపు పిల్లలకు ఎక్కువగా పడితే పేగుల్లోంచి కంటికి కనిపించనంత నెత్తురు పోతుంది కూడా. రక్తం తగ్గిన పిల్లాడికి ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగించిన పిల్లాడు అన్నం ముట్టడు. అన్నం ముట్టని పిల్లాడికి మనం ఏం పడతాం? పాలు. ఎవరూ తెంపనంత కాలం ఈ చక్రం దానంతటదే తిరుగుతుంది. ఒక్క మన ఇంటి సంగతి కాదిది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. పాలకు కొదవ లేని రాష్ట్రంలో.

పిల్లాడికి నిజంగా ఎంత కావాలి అన్న లెక్క ఇంట్లో పెద్దావిడకు ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. తల్లిపాలు బాగా తాగే పిల్లాడికి ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య పై తిండి నుంచి కావలసింది రోజుకు 200 కేలరీలు. తొమ్మిది నుంచి పదకొండు నెలల మధ్య 300. మిగతాది, అంటే సగానికి పైనే, అమ్మ దగ్గరే దొరుకుతుంది. మొదట్లో పూటకు రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు సార్లు, తర్వాత మెల్లగా అర కప్పు దాకా. ఈ అంకెలు బయటికి పొక్కితే మామ్మగారు కలిపే కంచెడు ముద్ద ఎవరి కోసం అన్న ప్రశ్న వస్తుంది. ఆవిడకు అంత వయసులో అలాంటి ప్రశ్నలు ఎందుకు?

పై తిండి పెట్టక తప్పదంటే పల్చగా పెట్టండి. పప్పు మీద తేట, అన్నం వార్చిన గంజి, చారు నీళ్లు. పసివాడి పొట్టలో కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల లెక్కన పడుతుంది. ఎనిమిది కిలోల పిల్లాడికి ఒక గ్లాసు పైచిలుకు, అంతే. ఆ గ్లాసును నీళ్లతో నింపేస్తే పొట్ట నిండుతుంది, బలం ఉండదు. తిండి చెంచా వంచినా జారిపోకుండా నిలబడాలని, బాగా ఉడికిన అన్నంలో పప్పు గుత్తితో మెదిపి, నెయ్యి గానీ నూనె గానీ ఒక చెంచాడు వేస్తే కొంచెంలోనే ఎక్కువ బలం వస్తుందని, వారానికి రెండు మూడు సార్లు గుడ్డో, ముళ్లు తీసిన చేపో, మెత్తగా ఉడికించి నలిపిన మేక కార్జమో, తినని ఇళ్లలో తోటకూర పప్పులో నిమ్మరసం పిండో పెట్టాలని చెప్పేవాళ్లు ఉంటారు. తెనాలిలో నిమ్మకాయలకు కరువా అని కూడా అడుగుతారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. "మా వాడికి అరగదు" అనండి. ఈ మాటకు ఇప్పటిదాకా జవాబు చెప్పినవాడు లేడు.

పల్చనిది గిట్టకపోతే మిక్సీ ఉంది. అన్నం, పప్పు, క్యారెట్టు, అరటిపండు, అన్నీ ఒకే జారులో వేసి తిప్పండి. ఏ రోజు ఏం తిన్నాడో వాడికే తెలియకూడదు. ఏడాదిన్నర దాకా ఇదే సాగించండి. బ్రిటన్‌లో బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించినవాళ్లు, పలుకులున్న తిండి పదో నెల తర్వాత గానీ మొదలుపెట్టని పిల్లలకు తిండి పెట్టడం తర్వాత్తర్వాత కష్టమైందని రాశారు. మనకు కావలసిందీ అదే కదా.

ఒక కూర ఒకసారి ఉమ్మేస్తే మళ్లీ జన్మలో పెట్టకండి. కొత్త రుచి పిల్లల నాలుకకు అలవాటు కావడానికి ఎనిమిది పది సార్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ సార్లు కొంచెం కొంచెంగా పెట్టాల్సి వస్తుంది. మొదటిసారి మొహం చిట్లించడం రుచి చూస్తున్నాడన్న గుర్తే గానీ వద్దన్నట్టు కాదు. మీరు మాత్రం మొదటి చిట్లింపుకే "వీడికి బీరకాయ పడదు" అని చుట్టాలందరికీ ఫోను చేయండి.

తినిపించే పద్ధతిలో మన ప్రాంతానికి ఉన్న పేరు మామూలుది కాదు. పాతకాలపు పద్ధతిలో కాళ్లు చాపి, పిల్లాణ్ని వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఒకరు చేతులు పట్టుకుంటే ఇంకొకరు బుగ్గలు నొక్కి ఉగ్గుగిన్నెతో పోస్తారు. ఏడిస్తే ఇంకా మంచిదట, నోరు తెరుచుకుంటుంది కాబట్టి. దీన్ని కూడా చిట్కా అని చెప్పే ధైర్యం మాకు లేదు. పడుకుని ఏడుస్తూ ఊపిరి పీల్చేవాడి గొంతులో పోసింది పొట్టలోకి పోతుందో ఊపిరితిత్తుల్లోకి పోతుందో పోసేవాళ్లకు తెలియదు. దీనివల్ల న్యుమోనియా వచ్చి ఆస్పత్రి పాలైన పిల్లలు ఉంటారు. కూర్చోబెట్టి పెట్టండి. మనం మళ్లీ మన పనికిమాలిన సలహాల దగ్గరికి వద్దాం.

సంగం జాగర్లమూడి వాళ్లకు దేవుడిచ్చిన వరం రైలు. వేజెండ్ల వైపు నుంచో అంగలకుదురు వైపు నుంచో కూత వినపడగానే పిల్లాణ్ని చంకనేసుకుని, గిన్నె పట్టుకుని పట్టాలు కనిపించే చోటికి పరిగెత్తండి. రైలు చూసి వాడు నోరు తెరుస్తాడు. అబ్బురంతో తెరిచిన నోరు ఆకలితో తెరిచిన నోరు కాదని కొందరంటారు. నోరు నోరే. పెట్టెకో ముద్ద. ప్యాసింజరైతే సగం గిన్నె, గూడ్సు బండైతే అడుగు కనిపిస్తుంది. నాలుగు రోజులకు వాడు రైలు లేకుండా ముద్ద ముట్టడు. బండి లేటైతే వాడి భోజనం లేటు. రైల్వే వాళ్ల మీద అర్జీ పెట్టడానికి అప్పుడు మీకో మంచి కారణం దొరుకుతుంది. కడుపు నిండిందా లేదా అన్న కబురు లోపలి నుంచి వచ్చేటప్పుడు వాడు పెట్టెలు చూస్తుంటాడు కాబట్టి, నిండినప్పుడు ఆపడం అనే విద్య వాడికి అబ్బదు. పెద్దయ్యాక టీవీ ముందు చిప్స్ ప్యాకెట్టు ఖాళీ చేసేటప్పుడు ఇది అక్కరకొస్తుంది.

రైలు లేని ఊళ్లవాళ్లు చందమామతో సరిపెట్టుకునేవాళ్లు. 1947 జులైలో అదే పేరుతో పిల్లల పత్రిక మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన చక్రపాణిదీ, తర్వాత ఏళ్ల తరబడి దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. తెలుగు పిల్లలకు చందమామను చూపించడంలో ఈ తాలూకా ఎవరికీ తీసిపోలేదు. కానీ ఆకాశంలో చందమామకు ఒక లోపం ఉంది. అది ఎగరదు, గెంతదు, రంగులు మార్చదు. పిల్లాడు కాసేపు దాన్ని చూసి మళ్లీ అమ్మ మొహం చూస్తాడు, ముద్ద చూస్తాడు, అమ్మ కబుర్లకు ఊకొడతాడు. ఫోనులో ఆ ఇబ్బంది లేదు. చిట్టి చిలకమ్మ వీడియో పెట్టి ముందు నిలబెట్టండి. అది అయిపోతే దానంతటదే ఇంకోటి వస్తుంది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వాళ్లు మన పిల్లాడికి ముద్ద పెట్టడానికి వస్తారా?

ఇక్కడ అమెరికాలో జరిగిన ఒక ప్రయోగం గురించి హెచ్చరించాలి. 1920ల చివర్లో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు, అప్పుడే పాలు మానుతున్న పసివాళ్ల ముందు చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల తిండి పెట్టించారు. మాంసం, కార్జం, గుడ్లు, కూరగాయలు, పళ్లు, ధాన్యాలు, పాలు, మొత్తం 30కి పైగా రకాలు. చక్కెర లేదు, డబ్బా తిండి లేదు. పక్కన నర్సు చెంచాతో కూర్చునేది. పిల్లాడు దేని వైపు చేయి చాస్తే అది చెంచాలోకి తీయాలి, వాడు నోరు తెరిస్తేనే పెట్టాలి. ఇది తిను అనకూడదు. తింటే చప్పట్లు కొట్టకూడదు. వదిలేస్తే మొహం ముడుచుకోకూడదు. ఇలా పెంచిన 15 మంది పిల్లల సంగతి ఆవిడ 1939లో ప్రకటించారు. అందరూ పుష్టిగా పెరిగారు. పూటపూటా వాళ్లు తిన్నది చూస్తే మాత్రం ఏ నాయనమ్మకైనా కళ్లు తిరుగుతాయి. ఒక పొద్దుటి ఫలహారం నారింజరసమూ కార్జమూ, ఒక రాత్రి భోజనం గుడ్లూ అరటిపళ్లూ పాలూ. ఒక్క పూటకు ఒక పద్ధతంటూ లేదు, నెల మొత్తం మీద చూస్తే అన్నీ సరిపోయాయి. గుట్టు ఆ గిన్నెల్లో ఉందని ఆవిడే చెప్పారు. ముందు పెట్టేవి మంచివైనప్పుడే ఎంపిక పిల్లాడికి వదలొచ్చు. ఏది, ఎప్పుడు అన్నది పెద్దలది, ఎంత అన్నది వాడిది.

ఈ ప్రయోగం మన దగ్గర చెల్లదు. పిల్లలు లేక కాదు, నర్సు దొరకదు. పసివాడు తింటుంటే పక్కన నోరు మెదపకుండా కూర్చునే మనిషి సంగం జాగర్లమూడిలో దొరకదు, తెనాలిలో అసలే దొరకదు. "ఆఁ... ఇంకొక్కటి, ఇది తాతయ్య ముద్ద, ఇది బూచాడి ముద్ద, పెట్టించుకోకపోతే బూచాడు నిన్నే తింటాడు" అనే ఇంట్లో పుట్టాక వాడు తన కడుపు మాట వినడం సాధ్యమా? వాడు అన్నాన్ని కాదంటున్నాడా, లేక చుట్టూ చేరిన మనల్ని కాదంటున్నాడా అన్న అనుమానం రాత్రి పూట వస్తే దీపం ఆర్పి పడుకోండి.

మందుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెడికల్ షాపులో "ఆకలి పుట్టే సిరప్" అని అడిగితే చాలు. అలా ఇచ్చే వాటిలో ఒకటి అసలు అలర్జీ మందు. మగత కలిగిస్తుంది, రెండేళ్ల లోపు పిల్లలకు వాడకూడదు. మత్తుగా పడుకున్న పిల్లాడు తిండి మారాం చేయడు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. దిష్టికి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేయండి. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు. గుంటూరు మిరపకాయల ఘాటు పసివాడి ఊపిరితిత్తులకు ఎలా ఉంటుందో వాడి దగ్గు చెబుతుంది, దాన్ని దిష్టి పోతున్న చప్పుడుగా లెక్కవేయండి.

డబ్బా తిండి సంగతి. పసిపిల్లల డబ్బా పాలకు, డబ్బా తిండికి ప్రకటనలు చేయకూడదని మన దేశంలో చట్టమే ఉంది. అయినా ప్రకటన ఎందుకు, పక్కింటావిడ లేదూ? అమ్మ చేసిన ఉగ్గు ముట్టని పిల్లాడు డబ్బాది లొట్టలేస్తూ తిన్నాడంటే దానిలో ఏదో మహిమ ఉంది. మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కో వడ్డనకు సగటున మూడు గ్రాముల దాకా చక్కెర కలిపి ఉందని, జర్మనీలో, బ్రిటన్‌లో అదే కంపెనీ అమ్మేదానిలో కలపలేదని 2024లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ బయటపెట్టింది. మహిమ అదే. తీపి మరిగిన నాలుకకు పెసరపప్పు అన్నం ఎలా రుచిస్తుందన్నది మీ సమస్య కాదు.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం మాత్రం పిల్లాడికి పెట్టకండి. ఉచితంగా వచ్చింది మంచిదెలా అవుతుంది? ఆ పొడి గేదె కుడితిలో కలపండి. గేదె ఎక్కువ పాలిస్తుంది. ఆ పాలు సీసాలో పోసి పిల్లాడికి పట్టండి. పైన చెప్పిన చక్రం ఇక్కడికి వచ్చి సంపూర్ణమవుతుంది.

చివరగా, పిల్లాడి ఎదుగుదలను కళ్లతోనే చూడండి, తూకంతో కాదు. "అయ్యో, చిక్కిపోయాడు" అనే చుట్టం ఇంటికి వచ్చినప్పుడల్లా గిన్నె పెద్దది చేయండి. మొదటి మూడు నెలల్లో నెలకు ముప్పావు కిలో పెరిగిన పిల్లాడు ఆరు దాటాక నెలకు మూడు నాలుగు వందల గ్రాములే పెరగడం మామూలు సంగతి. పాకడం మొదలుపెట్టాక బుగ్గలు కరగడమూ మామూలే. పళ్లొచ్చేటప్పుడు, జ్వరం వచ్చి తగ్గేటప్పుడు నాలుగు రోజులు తిండి తగ్గించి తర్వాత తానే పుంజుకోవడం కూడా అంతే. ఇవన్నీ అంగన్‌వాడీలో నెలనెలా తూచి కార్డు మీద గీసే గీతలో తెలిసిపోతాయి. గీత పైకి వెళ్తుంటే మనలాంటి సలహాదారులకు పని ఉండదు. అందుకే ఆ కార్డు బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేయమంటున్నాం.

ఇంతవరకూ చెప్పినదంతా నవ్వుకుని వదిలేయండి. ఈ నాలుగు ముక్కలు మాత్రం వదలకండి. తినేటప్పుడు ఓకరించి, దగ్గి, ఎర్రబడి తనే సర్దుకుంటే భయం లేదు, ముద్ద వెనక్కి నెట్టడం నేర్చుకుంటున్నాడు. దగ్గు కూడా రాకుండా, చప్పుడు లేకుండా నీలబడితే గొంతులో అడ్డుపడినట్టే. అప్పుడు చేయాల్సిన ప్రథమ చికిత్స ఏఎన్‌ఎమ్ దగ్గరో పిల్లల డాక్టరు దగ్గరో ముందుగానే నేర్చుకోండి. వేరుశనగ గుళ్లు, శనగలు, గుండ్రటి ద్రాక్షపళ్లు అలాగే చేతికివ్వకండి. ముద్ద పెట్టిన ప్రతిసారీ పొలమారుతున్నా, తిన్నది తరచూ వాంతి అవుతున్నా, ఒళ్లు తెల్లగా పాలిపోతున్నా, తొమ్మిదో నెల వచ్చినా గట్టి తిండి ఏదీ గొంతు దిగకపోయినా, కార్డు మీద గీత వరసగా రెండు నెలలు నిలిచిపోయినా కిందికి దిగినా, పిల్లల డాక్టరుకు చూపించండి. తినకపోవడం మొండితనం కాక రక్తం తక్కువ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, అది పరీక్షలో తేలుతుంది. వెళ్లేటప్పుడు చీరల కింద దాచిన ఆ కార్డు తీసుకెళ్లండి, సలహాలిచ్చినవాళ్లను ఇంట్లోనే వదిలి వెళ్లండి.